మూడు హారన్ల మలుపు

చీకటి పడ్డాక గని మలుపు మీదుగా బండి తోలేవాడు ఎవడైనా సరే, మూడుసార్లు హారన్ కొట్టి తీరాలి. ఎడమ పక్కకు తిరిగి చూడకూడదు. ఎవరైనా చెయ్యెత్తితే... అస్సలు ఆపకూడదు.

ఇది ఏ బోర్డు మీదా రాసి లేదు. కానీ లైసెన్సు లేని డ్రైవర్‌కి కూడా ఈ రూలు తెలుసు.

పాల వ్యాను వాడొకడు హారన్ పాడైందని కొట్టకుండా పోయాడట. ఊరు చేరేసరికి క్యాన్లలో పాలన్నీ విరిగిపోయాయి. క్యాన్లు ఎండలో పెట్టి నిద్రపోయాడని వాడి పెళ్ళాం అంటుంది, అది వేరే సంగతి.

ఇంకొకడు, సైకిల్ మీద పోయే టైలరు. తెల్లవార్లూ తొక్కాడట. తెల్లారి చూసుకుంటే బయలుదేరిన మైలురాయి పక్కనే ఉన్నాడు. తాగి ఉన్నాడా అంటే... తాగే ఉన్నాడు. అయినా తాగినవాడు కూడా ఎక్కడికో ఒక చోటికి చేరతాడు కదా?

అన్నిటికన్నా చెడ్డది, ఆ దీపాలు. అక్కడ గాల్లో దీపాలు నిలబడతాయని చెప్పుకుంటారు. కింద మనిషి కనపడడు. పట్టుకున్న చెయ్యీ కనపడదు. దీపాలు... వరసగా... నిలువెత్తున.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకో వ్యాను డ్రైవర్ చెప్పగా విన్నదే. ఒక్క ముక్క కలపడం లేదు. ఎక్కడైనా కలిస్తే ఒకటో రెండో, అంతే.

ఆ డ్రైవర్‌ని అందరూ రేడియో అంటారు. పెద్దాసుపత్రిలో శవాల వ్యాను తోలతాడు. అతని బండి ఎక్కినవాళ్ళు పలకరు ఉలకరు కదా, ఆ లోటంతా తనే తీరుస్తాడు. వెనక పడుకున్నవాళ్ళకి దారి పొడుగునా ఊళ్ళు చూపిస్తూ పోతాడట. "ఇదిగో తాతా, ఈ సందులో టీ బాగుంటుంది. ఇదిగో అమ్మా, ఇది కొత్త బ్రిడ్జి, నువ్వు చూసి ఉండవు." పిచ్చోడనుకోకండి. చివరి ప్రయాణంలో మనిషితో ఎవరో ఒకరు మాట్లాడాలి కదా అంటాడు.

ఆ రోజు అతని బండిలోకి ఎక్కింది మాత్రం మామూలు మనిషి కాదు. సరిహద్దులో పోయిన కుర్రాడు. విమానంలో తెచ్చారు. జెండా కప్పిన పెట్టె, దానితో పాటు ఒక మీసాల సిపాయి. కుర్రాడి పటాలంవాడే. ఇంటి దాకా తోడు రావడమే అతని డ్యూటీ.

బండి ఎక్కగానే రేడియో మొదలుపెట్టాడు.

"అన్నా, ఏసీ తగ్గించనా?"

"వద్దు."

"పాట పెట్టనా? మెల్లగానే."

"వద్దు."

"పోనీ మనమే ఏదో మాట్లాడుకుంటూ..."

"రోడ్డు చూసి తోలు తమ్ముడూ."

ఒక గంట గడిచాక సిపాయికే జాలేసింది కాబోలు, విడమరిచి చెప్పాడు. ఇది మా పటాలంలో మేం పెట్టుకున్న పద్ధతి. ఇంటి గుమ్మం చేరేదాకా ఇతన్ని ఒంటరిగా వదలం. బండి ఎక్కడ ఆగినా నేను దిగి వెనక తలుపు దగ్గర నిలబడతాను. నేను కునుకు తీయను. నువ్వు హారన్ కొట్టవు.

రేడియో తల తిప్పి చూశాడు. "హారన్ ఎందుకు కొట్టకూడదన్నా?"

"నిద్రపోతున్నవాడి పక్కన కొడతావా?"

రేడియోకి జవాబు దొరకలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారట.

సరే... బండి పోతోంది. చీకటి పడింది. రాత్రి మూడు గంటలప్పుడు సిపాయి ఫోన్ మోగింది. కుర్రాడి తల్లి.

"అన్నయ్యా, ఎక్కడిదాకా వచ్చారు? మా అత్తయ్య మధ్యాహ్నం నుంచీ గుమ్మంలోనే నిలబడింది. మనవడు వచ్చేదాకా కూర్చోనంటోంది. కాళ్ళు వాచిపోయాయి అన్నయ్యా. ఎనభై దాటిన మనిషి. పట్టుకుంటే తోసేస్తోంది. పిల్లాడితో పాటు ఈవిడ కూడా..."

మాట ఆగిపోయింది. కడుపున పుట్టినవాడి కోసం ఏడవడానికి కూడా ఆ తల్లికి తీరిక లేదు. అత్త ఎక్కడ పడిపోతుందోనని వెనకాలే చేతులు చాచి నిలబడి ఉంది.

ఆ ముసలమ్మ మొండిదని వీధి వీధంతా అంటారు. నిజమే, మొండిదే. కానీ ఆ మొండితనం ఊరికే రాలేదు.

నలభై ఏళ్ళ కిందటి మాట. ఆ మలుపు దగ్గరున్న బొగ్గు గనిలోకి నీళ్ళు వచ్చేశాయి. దిగిన షిఫ్టు దిగినట్టే లోపల ఉండిపోయింది. ముసలమ్మ మొగుడూ ఆ షిఫ్టే. ఆవిడ గని గేటు పట్టుకుని మూడు పగళ్ళు, మూడు రాత్రులు నిలబడింది. నాలుగోనాడు చుట్టుపక్కల ఆడవాళ్ళు పట్టుకుని, నీ కాళ్ళకి దణ్ణం పెడతాం, కాసేపు నడుం వాల్చమ్మా అని ఒక బండరాయి మీద కూర్చోబెట్టారు.

కూర్చుందో లేదో... గని సైరన్ మూడుసార్లు మోగింది.

వెతకడం ఆపేశామని దానర్థం.

ఎవర్నీ పైకి తేలేదు. గని నోటికి సిమెంటు పోసి మూసేశారు. ఆవిడ మనసులో మాత్రం ఒక్కటే పడిపోయింది. నేను కూర్చున్నాను, అందుకే వాళ్ళు వదిలేశారు. ఎంతమంది ఎన్ని చెప్పినా ఆ ముల్లు ఊడి రాలేదు. ఇప్పుడు మనవడు వస్తున్నాడు. తండ్రి లేని పిల్లాడు, ఆవిడ చేతుల్లోనే పెరిగాడు. ఈసారి కూర్చుంటే... వీణ్ణీ దారిలో వదిలేస్తారేమో.

అదీ సంగతి. బండిలో ఉన్న ఇద్దరికీ ఇదేం తెలియదు. వాళ్ళకి తెలిసిందల్లా, ఒక ముసలమ్మ నిలబడి ఉంది, ఎంత తొందరగా పోతే అంత మంచిది.

"దగ్గర దారి లేదా తమ్ముడూ?" అన్నాడు సిపాయి.

రేడియో నీళ్ళు నమిలాడు. "ఉంది... కానీ లేదు."

"ఉందా, లేదా?"

"పగలైతే ఉంటుందన్నా."

సిపాయి అలా చూశాడంతే. చుట్టుదారిన పోతే ఇంకో నాలుగు గంటలు. గని మలుపు మీదుగా పోతే గంటన్నర. రేడియో ఒకసారి వెనక్కి తిరిగి పెట్టెకేసి చూశాడు. "నీ కోసమేరా బాబూ, గుర్తుపెట్టుకో" అని స్టీరింగు తిప్పాడు.

ఆ పక్క రోడ్డు మీద మనిషి జాడ లేదు. పొగమంచు దిగింది. దానికి తోడు, కుడివైపు హెడ్‌లైటు రెండుసార్లు కళ్ళు చికిలించి ఆరిపోయింది. రేడియో రెండు తట్లు తట్టాడు. రెండు బూతులు తిట్టాడు. మళ్ళీ పెట్టె గుర్తొచ్చి లెంపలేసుకున్నాడు.

మలుపు వచ్చింది.

అతని అరచెయ్యి తనంతట తనే హారన్ మీదకి పోయింది. ఆ చెయ్యి మీద ఇంకో చెయ్యి పడింది. సిపాయిది.

"వద్దన్నాను."

"అన్నా, ఇక్కడ మూడుసార్లు కొట్టకపోతే..."

"కొట్టకపోతే?"

"పాలు విరిగిపోతాయన్నా."

"మన బండిలో పాలు లేవు."

అంతే. హారన్ మోగలేదు. ఎన్ని ఏళ్ళకో, ఒక బండి ఆ మలుపులోకి చప్పుడు చెయ్యకుండా వచ్చింది.

అప్పుడు... ఒక దీపం.

మంచులో, ఎడమ పక్కన, నిలువెత్తున. కదలడం లేదు. దాని పక్కన ఇంకొకటి. కుడి పక్కన ఒకటి. రెండు. మూడు...

రేడియో చూడకూడదనుకుంటూనే చూశాడు. కింద కాళ్ళు లేవు. చేతులు లేవు. ఉత్త దీపాలు, రోడ్డుకి రెండు పక్కలా, వరసగా... బండినే చూస్తున్నట్టు.

రోడ్డు మధ్యలో ఇంకో దీపం వెలిగింది. దాని కింద నుంచి ఒక చెయ్యి లేచింది.

అస్సలు ఆపకూడదు — అని బుర్ర అరుస్తోంది. కాలు బుర్ర మాట వినలేదు. బ్రేకు పడింది. బండి ఆగింది.

ఆగింది కాబట్టి సిపాయి దిగాడు. అతని రూలు అతనిది. "అన్నా, దిగకు, అన్నా..." అని రేడియో గుసగుసలాడుతూనే ఉన్నాడు. సిపాయి టోపీ సర్దుకుని వెనక్కి పోయి, తలుపు దగ్గర నిటారుగా నిలబడ్డాడు.

దీపం కిటికీ దగ్గరికి వచ్చింది.

రేడియో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాడు. అందులో ఒకాయనకి పోయినేడు మొక్కిన మొక్కు తీర్చలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"తమ్ముడూ" అంది ఒక గొంతు. మామూలు గొంతు. జలుబు చేసినట్టుంది.

ఒక కన్ను తెరిచాడు. ఎదురుగా మనిషి. ముఖమంతా బొగ్గు. చొక్కా, చేతులు, మెడ, అంతా నలుపే. తెల్లటి కళ్ళు, పళ్ళు. తల మీద టోపీ, టోపీకి దీపం. చీకట్లో దీపం తప్ప మనిషి కనపడకపోవడంలో వింతేముంది?

రేడియోకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"గని పనివాళ్ళా మీరు... చంపేశారు కదన్నా. దెయ్యాలనుకున్నాను."

ఆయన నవ్వాడు. "చాలామంది అలాగే అనుకుంటారు."

"గని మళ్ళీ తెరిచారన్నమాట. నాకెవరూ చెప్పలేదు చూడు. షిఫ్టు దిగి వస్తున్నారా?"

"దిగి చాలాసేపయింది."

"ఒళ్ళంతా తడిసిపోయిందేంటన్నా? వాన కూడా లేదే?"

"లోపల నీళ్ళు."

"చలికాలం కదా, పొడిబట్టలు కట్టుకోకపోతే ఎలా?"

"ఆరడం లేదు తమ్ముడూ."

ఆయన చొక్కా చేతి నుంచి కిటికీ అంచు మీదకి నీళ్ళు కారుతున్నాయి. చుక్క... చుక్క.

"రోజూ ఇక్కడే నిలబడతారా?"

"నిలబడతాం. ఎవరూ ఆగరు. మూడుసార్లు హారన్ కొట్టి పోతారు. అది వినపడితే మాకు కాలు ముందుకు పడదు." కిటికీలోకి వంగాడు. "నువ్వు కొట్టలేదే?"

"వెనక పిల్లాడు పడుకుని ఉన్నాడన్నా."

ఆయన దీపం వెనక్కి తిరిగింది. జెండా మీద, పెట్టె మీద నిలిచింది. చాలాసేపు నిలిచింది.

"ఎవరి పిల్లాడు?"

అడగడమే ఆలస్యం. రేడియో కదా, స్టేషను పెట్టేశాడు. కుర్రాడు ఎక్కడ పోయాడు, ఎలా పోయాడు, ఊరేది, వీధేది. అమ్మ బట్టలు కుడుతుంది, నీలం తలుపు ఇల్లు, నాయనమ్మ మధ్యాహ్నం నుంచీ గుమ్మంలో నిలబడి ఎవరు చెప్పినా కూర్చోవడం లేదు... సిపాయి దగ్గరా ఫోన్‌లోనూ విన్నవన్నీ చెప్పేశాడు.

ఆయన అంతా విన్నాడు. చివర్లో ఒక్క మాట అన్నాడు.

"ఇంకా నిలబడే ఉందా?"

"అవునన్నా. మొండి ముసలమ్మంట."

"మొండిదే" అన్నాడాయన. నవ్వాడో ఏమో, ముఖం మీది బొగ్గులో తెలియలేదట. "సరే. ఎడమ పక్క రోడ్డు కోసుకుపోయింది. దీపాల మధ్యలోంచి రా. నెమ్మదిగా. మేం ఉన్నాం."

ఆయన చెయ్యి ఊపాడు. వరసలో మొదటి దీపం తల వంచింది.

గనిలో ఒక పద్ధతి ఉండేది. లోపల ఎవరైనా పోతే, మోసుకొచ్చే దారికి రెండు పక్కలా షిఫ్టంతా నిలబడేవాళ్ళు. ఎదురుగా వచ్చినప్పుడు తల వంచేవాళ్ళు. టోపీ మీది దీపం నేల మీద పడుతుంది కదా, మోసేవాళ్ళకి అడుగు తడబడదు. దణ్ణమూ అయిపోతుంది, దారీ కనపడుతుంది. రేడియోకి ఇది తెలియదు. వంగిన వెలుగులో అతనికి కనపడింది ఒకటే — ఎడమ చక్రానికి జానెడు దూరంలో రోడ్డు లేదు. సగానికి సగం విరిగి, కింద వాగులోకి జారిపోయి ఉంది.

ఒంటి లైటుతో, మంచులో, మామూలు స్పీడులో వచ్చి ఉంటే...

రేడియో బండిని చీమలా పోనిచ్చాడు. బండి దాటే కొద్దీ దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వంగుతున్నాయి. సిపాయి బండి వెనకే నడుస్తున్నాడు. మలుపు దాటాక వెనక్కి తిరిగి, కాళ్ళు దగ్గరికి తెచ్చి, ఆ వరసకి సెల్యూట్ కొట్టాడు. వాళ్ళకి సెల్యూట్ రాదు కాబోలు. అందరూ టోపీ ముట్టుకున్నారు.

ఆ మనిషి మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు. రేడియో భుజం మీద చెయ్యి వేశాడు. ఐసుగడ్డ పెట్టినట్టుందట.

"ఆ ఇంటికి పోగానే జడ్జీగారికి ఒక మాట చెప్పు తమ్ముడూ. పిల్లాణ్ణి మేం దాటించాం. ఇక కూర్చోమను."

"జడ్జీగారా? ఆ ఇంట్లోనా?"

"ఆ ఇంట్లోనే. నువ్వు అడుగు, వాళ్ళే పలుకుతారు."

బండి కదిలింది. సిపాయి ఎక్కి కూర్చుని, చాలా దూరం పోయాక నోరు విప్పాడు.

"తమ్ముడూ... అంతమంది నిలబడ్డారు. ఒక్కరి బూటు చప్పుడూ వినపడలేదు."

"మెత్తటి బూట్లేమోనన్నా" అన్నాడు రేడియో. అప్పటికి అతనికి భయమే లేదు. "మంచి మనుషులు. మనం ఊరికే దెయ్యాలని పేరు పెడతాం. రేపు అందరికీ చెబుతాను చూడు, నోళ్ళు మూతపడతాయి."

తెలతెలవారుతుండగా వీధిలోకి వచ్చారు. వీధంతా రెండు పక్కలా నిలబడి ఉంది, చప్పుడు లేకుండా. నీలం తలుపు గుమ్మంలో ముసలమ్మ. ఒక చెయ్యి ద్వారబంధం మీద. వెనక కోడలు.

పెట్టె దింపారు. లోపల ముందు గదిలో, కుట్టుమిషను పక్కకి జరిపి అక్కడ పెట్టారు. తల్లి దాని మీద పడిపోయింది. ముసలమ్మ వచ్చి జెండా మీద అరచెయ్యి పెట్టింది. జ్వరం చూసినట్టు పెట్టి, తీసింది. ఏడవలేదు. మళ్ళీ పోయి గుమ్మంలో నిలబడింది.

"వచ్చేశాడు కదమ్మా, ఇక కూర్చో" అన్నారు. కూర్చోలేదు.

"ఇంకెవరి కోసమమ్మా?" అన్నారు. చెయ్యి మళ్ళీ ద్వారబంధం మీదే.

రేడియోకి అప్పుడు గుర్తొచ్చింది. గొంతు సవరించుకుని అందరికీ వినపడేలా అడిగాడు.

"ఏమండీ... ఇక్కడ జడ్జీగారు ఎవరండీ?"

అంత దుఃఖంలోనూ పక్కింటాయన ఆగలేకపోయాడు. "జడ్జీ ఏంటయ్యా? ఈ వీధిలో కోర్టు మెట్లెక్కినవాళ్ళే గానీ జడ్జీలెవరూ లేరు."

"కాదండీ, గని షిఫ్టులో ఒకాయన చెప్పమన్నాడు. మలుపు దగ్గర. దీపాలు పట్టి దారి చూపించారు కదా, వాళ్ళల్లో..."

కోడలు తలెత్తింది.

"ఏ గని అన్నయ్యా? అది మూసేసి నలభై ఏళ్ళయింది."

రేడియో నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మెల్లగా తల తిప్పి తన భుజం చూసుకున్నాడు. చొక్కా మీద అయిదు వేళ్ళు. నల్లగా. ఇంకా తడిగానే...

సిపాయి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

జడ్జీగారు ఎవరో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. కోడలికీ తెలియదు. పోయిన కొడుక్కీ తెలియదు. షిఫ్టు అయ్యి ఆలస్యంగా ఇంటికొస్తే, నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడి "ఇంతసేపు ఎక్కడున్నట్టు?" అని నిలదీసే పెళ్ళానికి ఒక మొగుడు పెట్టుకున్న పేరది. తలుపు వేశాకే పిలిచేవాడు. "జడ్జీగారూ, ముందు కూర్చోండి, తర్వాత శిక్ష వేద్దురు గానీ" అనేవాడు, ముఖాన బొగ్గుతో, పళ్ళన్నీ కనపడేలా. తెలిసింది ఇద్దరికే. ఒకరు ఆ గనిలో ఉన్నారు. రెండో మనిషి...

ఇంకా దాచడం దేనికి. నేనే.

"ఏమన్నాడు బాబూ? మళ్ళీ చెప్పు" అన్నాను.

పాపం, ఆ పిల్లాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. రేడియో అని పేరే గానీ, మాట కూడబలుక్కుని చెప్పాడు. "పిల్లాణ్ణి మేం దాటించాం... ఇక కూర్చోమను... అన్నాడమ్మా."

ద్వారబంధం వదిలేశాను. అక్కడే, గుమ్మంలోనే కూర్చున్నాను.

కూర్చుని, ఊపిరి బిగబట్టి విన్నాను. చాలాసేపు విన్నాను.

ఏ సైరనూ మోగలేదు.